గర్భసంచి తీయిస్తే మూత్రం కారడం ఆగదు

తుమ్మినా, దగ్గినా, బిందె ఎత్తినా చీర తడుస్తుంది. కూచిపూడి నుంచి బందరు బస్సెక్కాలంటే ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగరు. నాట్లకెళ్లే ఆడవాళ్లయితే చేలో చాటుండదని పొద్దంతా గొంతే తడుపుకోరు. మా ఓపీకి మోకాళ్ల నొప్పులని వచ్చి, చీటీ అందుకుని, లేచి వెళ్తూ గొంతు తగ్గించి ఈ సంగతి చెబుతారు. కాన్పులయ్యాయి, వయసొచ్చింది, ఇంతేలే అనుకోకండి. దీనికి చికిత్స ఉంది.

నీళ్లు మానేస్తే సమస్య తగ్గదు. మూత్రం చిక్కబడి మంట పుడుతుంది, ఇన్ఫెక్షన్ వస్తుంది, మలబద్ధకం తోడవుతుంది. అన్నీ కలిసి కారడాన్ని పెంచుతాయి.

అంతకంటే నన్ను కలవరపెట్టేది మరొకటి. ‘పిల్లలైపోయారుగా, గర్భసంచి తీయించేసుకో, పీడా పోతుంది’ అనే సలహా. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. రాష్ట్రాలన్నిటిలో మనదే ఎక్కువ. గర్భసంచి జారిపోయి ఆపరేషన్ తప్పనివాళ్లు ఉంటారు, కాదనను. కానీ మూత్రం కారుతోందన్న ఒక్క కారణంతో దాన్ని తీయించుకోవడం దండగ. మూత్రాన్ని పట్టి ఉంచేది గర్భసంచి కాదు. పైగా తీసేశాక కొందరిలో కారడం ఎక్కువవుతుంది.

దగ్గినప్పుడు చుక్కలు పడుతున్నాయంటే మూత్రసంచిని కింది నుంచి మోసే కటి కండరాలు సడలాయన్నమాట. కాన్పులు, అధిక బరువు, ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకం దీనికి కారణాలు. ఉన్నట్టుండి తోసుకొచ్చి, మరుగుదొడ్డికి చేరేలోపే పడిపోతుంటే మూత్రసంచి అతిగా బిగుసుకుంటోందని అర్థం. చాలామందిలో రెండూ ఉంటాయి. అదుపులో లేని షుగరు, నెలసరి ఆగాక వచ్చే మార్పులు, బీపీకి వాడే కొన్ని మాత్రలు కూడా కారణం కావచ్చు. అందుకే ముందు మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష చేయించుకోండి.

కటి కండరాలకు వ్యాయామాన్ని అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో వివరించారు. గ్యాసు పోకుండా బిగబట్టినట్టు కండరాన్ని లోపలికి లాగి 5 సెకన్లు ఉంచండి, 5 సెకన్లు వదలండి. ఒక విడతకు పదిసార్లు, రోజుకు మూడు విడతలు. ఊపిరి బిగబట్టకూడదు, పొట్ట, తొడలు కదలకూడదు. మూత్రం పోసేటప్పుడు మాత్రం చేయొద్దు. నాలుగు రోజులు చేసి లాభం లేదని మానేసేవాళ్లే ఎక్కువ. అరమండిలో నిలవడానికి మన ఊరి పిల్లలు ఎన్నాళ్లు సాధన చేస్తారో చూశారుగా, ఈ కండరమూ అంతే. కనీసం మూడు నెలలు చేయాలి.

తోసుకొచ్చే రకానికి మూత్రవిసర్జనల మధ్య వ్యవధిని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. టీ, కాఫీ తగ్గించాలి. చాలకపోతే మాత్రలున్నాయి. వ్యాయామంతో తగ్గని దగ్గు రకానికి మూత్రనాళం కింద ఆసరా కల్పించే ఆపరేషన్ ఉంది. అది గర్భసంచి తీసే ఆపరేషన్ కాదు.

మూత్రంలో రక్తం కనిపించినా, జ్వరంతో మంట ఉన్నా, కాళ్లు తిమ్మిరెక్కి మూత్రం బంధించినా, కాన్పు తర్వాతో ఆపరేషన్ తర్వాతో ఆగకుండా కారుతున్నా వెంటనే ఆసుపత్రికి రండి. మగ డాక్టరుకు చెప్పలేకపోతే నర్సుకో, మీ ఊరి ఆశా కార్యకర్తకో చెప్పండి, ఆమె మాకు చెబుతుంది.