తేటనీటిలో పెరుగు పాచి

పాచి పట్టిన నీటిని చూడగానే అది మురికినీరని నిర్ణయించుట లోకమున పరిపాటి. ఊరిచెరువులో పశువులను కడిగినపుడును, పొలములలోని యెరువు వానకు కొట్టుకొనివచ్చినపుడును నీరు పచ్చబారుట అందరు నెరిగినదే. కావున పాచికి మూలము మాలిన్యమనియు, నిర్మలజలమునకు దాని భయము లేదనియు పెక్కురు తలంతురు. ఈ తలంపు చాలవరకు నిజమే కాని సర్వత్ర నిజము కాదు. అడుగున నున్న రాళ్ళను లెక్కింపదగినంత తేటయైన చల్లని యేళ్ళలోనే విజృంభించు పాచి యొకటి కలదు. దాని పేరు డిడిమోస్ఫీనియా జెమినేటా. దీనిని సంగ్రహముగా ‘డిడిమో’ యందురు. ఒక కీడునకు కారణమును వెదకకముందే నేరమును నిర్ణయించుట యెంత పొరపాటో ఈ సూక్ష్మజీవి చరిత్ర తెలుపుచున్నది.

డిడిమో డయాటములను ఏకకణజీవుల తెగకు చెందినది. డయాటములు సూర్యరశ్మితో తమ యాహారమును తామే కల్పించుకొనును. భూమిపై ఉత్పత్తియగు ప్రాణవాయువులో సుమారు అయిదవవంతు వీనివలననే కలుగుచున్నది. ప్రతి డయాటమునకును గాజువంటి సిలికా కవచముండును. డబ్బాకు మూత తొడిగినట్లు ఆ కవచపు రెండు భాగములు ఒకదానిలో నొకటి అమరియుండును. డయాటములలో డిడిమో పెద్దది. అయినను దాని పొడవు మిల్లీమీటరులో సుమారు పదియవవంతు మాత్రమే. సూక్ష్మదర్శినిలో అది సీసావలె కనబడును. నడుము ఉబ్బియుండును, కొనలు రెండును గుండ్రనివి, వానిలో ఒకటి పెద్దది, రెండవది చిన్నది. 1819లో డెన్మార్కు వృక్షశాస్త్రజ్ఞుడు లింగ్బీ, ఉత్తర అట్లాంటిక్ సముద్రములోని ఫారో దీవులలో లభించిన దీనిని మొదటిసారి వర్ణించెను.

చిన్నకొన యందలి సూక్ష్మరంధ్రములనుండి జిగురువంటి పదార్థము స్రవించి కాడగా ఏర్పడును. ఆ కాడతో డిడిమో రాతిని పట్టుకొనును. కణము రెండుగా చీలినపుడు కాడయు రెండు కొమ్మలగును. కణము చచ్చినను కాడ త్వరగా చివికిపోదు. కాడలు ఒకదానితో నొకటి పెనవైచుకొని యేటి యడుగున గోధుమవన్నె కంబళి పరచినట్లగును. తాకి చూచిన నది ఇతరమైన పాచివలె జారదు; తడిసిన ఉన్నివలె నుండును. ఇది మనుష్యులకు విషము కాదు. కాని రాళ్ళ సందులలోని పెద్దపురుగులు తగ్గి, సన్నని పురుగులు హెచ్చుటచే చేపల యాహారము మారిపోవును. కాలువల తూములకు అమర్చిన జల్లెడలు పూడుకొనిపోవును.

పసిఫిక్ మహాసముద్రములోని న్యూజీలాండు దేశమున ఉత్తరద్వీపము, దక్షిణద్వీపము అని రెండు పెద్ద దీవులు కలవు. 2004లో దక్షిణద్వీపములోని వయావు నదిలో డిడిమో కనబడెను. స్వల్పకాలములోనే అది ఇతర నదులకును ప్రాకెను. ప్రభుత్వము 2005లో ఆ ద్వీపము నంతటిని నియంత్రిత ప్రదేశముగా ప్రకటించెను. గాలములు వేయువారు తొడుగుకొను ఫెల్టు అడుగుల బూట్లు తడిని చాలకాలము నిలుపుకొనును కనుక 2008లో వానిని నిషేధించెను. నదిలో దిగిన ప్రతి వస్తువును పరీక్షింపవలెను, కడుగవలెను, ఆరబెట్టవలెను అను నియమమును ప్రజలకు బోధించెను. ఒక్క నీటిబొట్టులో ఒక్క కణమున్నను చాలును. అది మరియొక యేటికి చేరగలదు.

అయితే ఇంత పాచి తేటనీటిలో ఏల పుట్టెను? కాథీ కిల్‌రాయ్, మాక్స్ బాత్వెల్ అను శాస్త్రజ్ఞులు న్యూజీలాండులో ప్రయోగములు చేసి 2011లో సమాధానమును ప్రకటించిరి. లీటరు నీటిలో కరిగియున్న భాస్వరము సుమారు రెండు మైక్రోగ్రాములకు లోబడిన చోటులనే ఈ కంబళులు దట్టముగా ఏర్పడును. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. భాస్వరము చాలనిచో కణము చీలి వృద్ధి కాజాలదు. కాని యెండ సమృద్ధిగా నుండుటచే ఆహారము తయారగుచునే యుండును. ఆ మిగులు కాడగా మారి పొడవుగా సాగును. ఇటుకలు పుష్కలముగా నుండి దూలములు దొరకని గృహస్థుడు, కొత్త యిల్లు కట్టలేక ప్రహరీగోడనే పొడిగించుచు పోయినట్లున్నది దాని పని. నీటికి భాస్వరము చేర్చినచో కణములు త్వరగా వృద్ధియై కాడలు కురుచలాయెను.

ఉత్తరార్ధగోళములో కథ వేరు. కెనడా పశ్చిమతీరమునందలి వాంకూవర్ దీవిలో 1980ల చివర డిడిమో హఠాత్తుగా పెరిగినపుడు, గాలమువేయువారు దానిని బూట్లతో మోసికొనివచ్చిరని పెక్కురు తలంచిరి. బాత్వెల్ అభిప్రాయమును మొదట అట్లే యుండెను. పిదప పూర్వపు లిఖితాధారములును, అడుగుమట్టిలో నిలిచిన ప్రాచీనమైన సిలికా కవచములును పరిశీలింపగా, ఉత్తర అమెరికాలో నిది చిరకాలముగా నున్నదేయని తేలెను. 2014లో బ్రాడ్ టేలర్, బాత్వెల్ ఈ విషయమును ప్రకటించిరి. అచ్చట క్రొత్తగా వచ్చినది జీవి కాదు. మారినది నీటి స్థితి. ప్రత్యక్షసాక్ష్యము ఎదుట తన పూర్వాభిప్రాయమును విడుచుట శాస్త్రజ్ఞునకు చిన్నతనము కాదు, భూషణము.

అట్లయిన బూట్లు కడుగుట వృథాశ్రమయా యని యడుగవచ్చును. ఎంతమాత్రము కాదు. భాస్వరము తక్కువైన నీరు పొలము; డిడిమో కణము విత్తనము. రెండును కలిసిననే పంట. న్యూజీలాండునకు విత్తనము వెలుపలినుండి వచ్చినది; కనుక అచ్చట విత్తనమును అరికట్టుటయే ధర్మము. కెనడాలో విత్తనము ముందే యున్నది. అచ్చట నీటి మార్పును విచారింపవలెను. ఒకచోటి మందును వేరొకచోట గ్రుడ్డిగా వాడరాదు. భాస్వరలోపమే కారణమైనచో ఏటిలో ఎరువు గుమ్మరింతమనుటయు అవివేకమే. ఆ యెరువుతో వేరొక పాచి పుట్టును.

ఈ భేదము తెలుగువారికి క్రొత్త కాదు. దక్షిణ అమెరికాలో పుట్టిన గుర్రపుడెక్కను పూవుల యందముకొరకు మానవుడే దేశదేశములకు కొనిపోయెను. నేడది గోదావరి, కృష్ణా డెల్టాల కాలువలలో నల్లుకొనుచున్నది. కాని అది సారము గల నీటిలో బలియును; డిడిమో సారము లేని నీటిలో పెనగొనును. రెండును నీటిని కప్పునవే యైనను వాని తత్త్వము లొకటి కావు.

అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల యని సామెత. నదిలో దిగకుండ బ్రదుకుట మానవునకు సాధ్యము కాదు కనుక, దిగినవాడు కడుగుకొనియే మరియొక నదికి పోవలెను. ఇది ప్రతి పౌరుడు చేయదగిన చిన్నపని. నీటి స్వభావమును ఓపికతో పరిశోధించుట విద్యావంతులు చేయవలసిన పెద్దపని. నేటి విద్యార్థులు రెండింటికిని సిద్ధపడిననే నదులు సురక్షితములగును.