ఉమ్రా సామాన్లో హలాల్, దుల్హన్ చేతిలో హరామా?

మన ఇళ్లలో ఉమ్రాకి బయలుదేరే ఆడవాళ్ల సామాను ఎప్పుడైనా చూశారా? తస్బీహ్, జానమాజ్, రెండు అబాయాలు, మామిడికాయ అచార్ డబ్బా, వాటి పక్కనే చిన్న కవర్లో నొరెథిస్టెరోన్ మాత్రలు. హైజ్ వాయిదా పడాలి, తవాఫ్ ఆగకూడదు. ఆ మాత్రలకి ఏ సాసూ అడ్డు చెప్పదు. ఏ మామూ "హార్మోన్లు ఒంటికి మంచివి కావు బేటీ" అనడు. అత్తగారే మనిషిని పంపి మెడికల్ షాపు నుంచి తెప్పిస్తుంది. రంజాన్‌లో ముప్పై రోజాలూ పూర్తి చేయాలని అవే మాత్రలు మింగేవాళ్లు మన గల్లీల్లో తక్కువేం లేరు. ఫత్వా ఎవరూ అడగరు, బీపీ ఎవరూ చూడరు.

అదే ఇంట్లో కొత్తగా వచ్చిన కోడలు, డిగ్రీ ఇంకో ఏడాది మిగిలి ఉన్న పిల్ల, "ఒక్క సంవత్సరం ఆగుదాం" అని మాత్రల షీటు తెచ్చుకుంటే ఖయామత్ దిగొస్తుంది. గర్భసంచి ఎండిపోతుందంటారు. బాంఝ్ అయిపోతుందంటారు. ఇంకొంచెం నోరున్నవాళ్లు "మాత్రలు మింగే అవసరం పెళ్లికి ముందే అలవాటయిందేమో" అంటారు. తౌబా! నొరెథిస్టెరోన్ కూడా హార్మోనే ఖాలాజాన్. మాలా మాత్రలో ఉండే లెవోనార్జెస్ట్రెల్‌కి అది వరసకు అక్కచెల్లెలే. మక్కాకి వెళ్లేటప్పుడు చల్లగా ఉన్న మందు కాలేజీకి వెళ్లేటప్పుడు విషం ఎలా అయింది?

నాకు కోపం మందు మీదా కాదు, మజహబ్ మీదా కాదు. ఈ రెండు నాల్కల మీద. ఆడదాని శరీరంలో హార్మోన్ ఇంటి పెద్దల ఇజాజత్‌తో వెళితే ఇబాదత్, ఆమె ఇష్టంతో వెళితే గునాహ్! జర్నలిస్టుగా ఇరవై ఏళ్లుగా ఇళ్లలోకి వెళ్లి ఆడవాళ్లతో మాట్లాడుతున్నాను. గడపలు మారాయి, ఈ లెక్క మాత్రం మారలేదు.

నేను ఉర్దూ మీడియంలో చదివాను. పునరుత్పత్తి పాఠం వచ్చిన రోజు మా ఉస్తానీ పుస్తకం మూసి "యే ఘర్ పే పఢ్ లో" అన్నారు. ఇంట్లో ఎవరు చెబుతారు? తర్వాత తెలుగులో డిగ్రీ చేశాను, పత్రికలో చేరాను, 'కుటుంబ నియంత్రణ' అని వార్తలు రాశాను. ఉర్దూలో దానికి 'ఖాందానీ మన్సూబాబందీ' అనే పొడుగాటి సర్కారీ మాట ఉంది. మన ఇళ్లలో ఈ రెండు మాటలూ వినబడవు. వినబడేది ఒకటే: 'ఆపరేషన్'. ఇది మన ఒక్కరి సంగతి కాదు. 1952లోనే జాతీయ కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టిన దేశం ఇది, ప్రపంచంలో అందరికంటే ముందు. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది, తెలంగాణలో 60 మందికి పైగా ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్లు. మాత్రలు వాడేవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. అంటే మన రాష్ట్రాల్లో ఆడదానికి రెండే దారులు: వరసగా కనేయడం, లేదా కోయించుకోవడం. మధ్యలో ఆగే హక్కు, బిడ్డకీ బిడ్డకీ మధ్య ఊపిరి పీల్చుకునే హక్కు ఎవరూ ఇవ్వలేదు. ముస్లిం దేశమైన బంగ్లాదేశ్‌లో అన్నిటికంటే ఎక్కువగా వాడేది ఈ మాత్రలే. అక్కడి ఆడవాళ్ల ఈమాన్ మనకంటే తక్కువా?

ఇప్పుడు దీన్ మాట. సగం బయాన్ విని పూర్తి ఫత్వా ఇచ్చే మగవాళ్లు ఇక్కడ సూరా బనీ ఇస్రాయీల్‌లోని ఆయత్ తీస్తారు, పేదరికానికి భయపడి పిల్లల్ని చంపకండన్న ఆయత్. ఆ హుకుం పుట్టిన బిడ్డల్ని మట్టిలో పూడ్చిన జాహిలీ అరబ్బులకి వచ్చింది సాహెబ్. ఇంకా గర్భమే నిలవని చోట హత్య ఎక్కడిది? అజ్ల్ మస్లా ఎందుకు చెప్పరు మీరు? ఖురాన్ దిగుతున్న కాలంలోనే తాము అజ్ల్ చేసేవాళ్లమని హజ్రత్ జాబిర్ చెప్పిన రివాయత్ బుఖారీలోనూ ఉంది, ముస్లింలోనూ ఉంది. ఇమామ్ గజాలీ అజ్ల్‌ని జాయజ్ అని రాశారు. భార్య ప్రాణానికి ప్రసవం వల్ల ముప్పు అన్నది ఒక్కటే కాదు, ఆమె అందం నిలవాలన్నది కూడా ఆయన ఒప్పుకున్న కారణాల్లో ఉంది. తొమ్మిది వందల ఏళ్ల కిందటి మాట! ఇక అజ్ల్‌కి భార్య ఇజాజత్ కావాలన్నది హనఫీ ఫిఖ్‌లో ప్రసిద్ధమైన మాట. అంటే సంతానం విషయంలో ఆమె నోరు విప్పడం షరీఅత్ ఇచ్చిన జాగా. దాన్ని మూయించింది మన రివాజ్. అవును, ఉలమాలో ఇఖ్తిలాఫ్ ఉంది. శాశ్వతంగా ఆపే ఆపరేషన్‌ని చాలామంది ఒప్పుకోరు. రిజ్క్ భయంతో ఆపడాన్ని కొందరు మక్రూహ్ అంటారు. ఉండనివ్వండి. తాత్కాలికంగా ఆగే మాత్రకీ, నస్‌బందీకీ తేడా తెలియకుండా రెండిటినీ ఒకే కర్రతో కొట్టడం మాత్రం ఇల్మ్ కాదు.

ఇంకోవైపు వాళ్లున్నారు. 'హమ్ పాంచ్, హమారే పచ్చీస్' అని మన మీద నవ్వేవాళ్లు. వాళ్లకి జవాబు సర్వే కాగితాల్లోనే ఉంది: 1992-93లో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు, 2019-21 నాటికి 2.36. నేను ఈ వ్యాసం రాస్తున్నది వాళ్లని సంతోషపెట్టడానికి కాదు. 1976లో తుర్క్‌మాన్ గేట్ దగ్గర బుల్డోజర్లు, నస్‌బందీ క్యాంపులు చూసిన ఖౌమ్‌కి సర్కారు చేతిలో మాత్ర చూస్తే అనుమానం రావడం సహజం. అయితే ఆ అనుమానం బరువంతా ఒక ఇరవై ఏళ్ల పిల్ల కడుపు మీద పెట్టడం ఏ ఇన్సాఫ్?

అట్లా అని దవాఖానాని నేను వదలను. నాకు తెలిసిన ఒక పిల్ల సర్కారీ దవాఖానాకి వెళితే చేతిలో షీటు పెట్టి "రోజుకొకటి" అని పంపేశారు. ఇదేం పద్ధతి? మొదటిసారి మాత్ర మొదలుపెట్టే అమ్మాయికి ముందు బీపీ చూడాలి. కళ్ల ముందు మెరుపులు కనబడి తర్వాత తలనొప్పి వస్తుందా, కాళ్లలో ఎప్పుడైనా రక్తం గడ్డ కట్టిందా, లివర్ జబ్బు ఉందా, టీబీ మందులు వాడుతోందా అని అడగాలి. రిఫాంపిసిన్ వాడుతుంటే ఈ మాత్ర బలం తగ్గిపోతుంది. మాలా-ఎన్ షీటులో 28 ఉంటాయి: 21 హార్మోన్‌వి, 7 ఐరన్‌వి. ఆ ఏడూ 'ఉత్తి మాత్రలు' అని పారేసి, కొత్త షీటు ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియక గర్భం తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. హైజ్ మొదలైన ఐదు రోజుల్లోపు మొదలుపెడితే వెంటనే పనిచేస్తుంది. తర్వాత మొదలుపెడితే ఏడు రోజులు నిరోధ్ కూడా వాడాలి. ఒకటి మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. రెండు మూడు మరిచిపోతే మళ్లీ ఏడు రోజుల జాగ్రత్త. బిడ్డకి పాలిచ్చే తల్లికి ఆరు నెలల వరకు ఈ రకం వద్దు. ఆమెకి ఛాయా ఉంది, హార్మోన్ లేనిది, లక్నోలో మన శాస్త్రవేత్తలే తయారుచేసింది. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒక్కటి. ఇంత చెప్పడానికి పది నిమిషాలు పట్టదు. ఆ పది నిమిషాలు ఇవ్వనివాళ్లు, పిల్ల మాత్రలు మానేసి తిరిగొస్తే "వీళ్లకి చెప్పినా వినరు" అని మన బిరాదరీ మీద నేరం మోపుతారు.

మాత్రలు ఎందుకు మానేస్తారో ఏ డాక్టరూ అడగని ఒక కారణం నేను చెబుతాను. మొదటి రెండు మూడు నెలలు మధ్యలో చుక్కలు చుక్కలుగా రక్తం కనిపించడం మామూలే. డాక్టరుకి అది చిన్న సంగతి. నమాజీ పిల్లకి పహాడ్. నమాజ్ చదవాలా వద్దా? రోజా నిలిచిందా పోయిందా? ఎవరిని అడుగుతుంది? సాస్‌ని అడిగితే గుట్టు బయటపడుతుంది. మౌల్వీ సాబ్‌ని అడగడానికి షర్మ్. నాలుగు రోజులు కుమిలిపోయి షీటు చెత్తలో పడేస్తుంది. హనఫీ మస్లాలో హైజ్ కనీసం మూడు రోజులు, ఎక్కువలో ఎక్కువ పది. రెండు హైజ్‌ల మధ్య పాకీ కనీసం పదిహేను రోజులు. ఆ హద్దులు దాటి వచ్చేది ఇస్తిహాజా. అందులో నమాజ్ మాఫీ కాదు, ప్రతి వఖ్త్‌కీ వుజూ చేసుకుని చదవాలి, రోజా ఉండాలి. ఎవరి ఆదత్ ప్రకారం వాళ్లు ఒక ఆలిమాని అడిగి తేల్చుకోవచ్చు. మన ఆడ మద్రసాల్లో తహారత్ కితాబులు కంఠతా పట్టిస్తారు కదా, ఈ మాత్రల మస్లా ఒక్క గంట చెప్పలేరా? రంజాన్‌లో మాత్ర ఎప్పుడు వేసుకోవాలన్నది కూడా పెద్ద చిక్కేం కాదు. ఇఫ్తార్ తర్వాత ఒక వేళ పెట్టుకుంటే చాలు.

ఇక షౌహర్లు. భార్య మాత్రలంటే మొహం చిట్లిస్తారు, నిరోధ్ అంటే ఇంకా చిట్లిస్తారు, నెలకి రెండుసార్లు మెడికల్ షాపు నుంచి 72 గంటల మాత్ర మాత్రం తెచ్చిస్తారు. అది అవసరానికి వాడే మందు భాయ్, నెలనెలా వాడుకోవడానికి కాదు. ఈ గొడవ పడలేక బియ్యం డబ్బాలో షీటు దాచుకునేవాళ్లు, ఏ జాడా ఉండదని మూడు నెలలకోసారి అంతరా సూది వేయించుకునేవాళ్లు నాకు తెలుసు. సూది మంచిదే. కానీ అది ఆపేశాక గర్భం రావడానికి సగటున తొమ్మిది పది నెలలు పడుతుందని, మాత్ర ఆపితే అంత ఆలస్యం ఉండదని తెలిసి ఎంచుకోవాలి. భయపడి ఎంచుకున్నది ఎంపిక ఎట్లా అవుతుంది?

నికాహ్‌కి ముందు మెహర్ మాట్లాడతాం, ఫంక్షన్ హాల్ మాట్లాడతాం, బిర్యానీకి ఎన్ని దేగ్‌లో మాట్లాడతాం. చదువు పూర్తయ్యాకే పిల్లలు అన్న ఒక్క మాట మాట్లాడటానికి మాత్రం హయా అడ్డొస్తుంది.

ఇదంతా చెబితే ఒక ఖాలా నన్ను నిలదీసింది, "రేపు పిల్లలు పుట్టకపోతే నీదేనా జిమ్మేదారీ?" అని. మాత్రల వల్ల బాంఝ్ అవరు ఖాలా, అవి మానిన తర్వాత ఏడాది చూసినా గర్భం రాకపోతే ఇద్దరికీ పరీక్షలు చేయించాలి. ముందు మీ అబ్బాయికి చేయించండి. వాళ్ల పరీక్షకి ఖర్చు తక్కువ, నొప్పి అసలే ఉండదు.