ఉప్పుమూటయు చిత్రపటమును

నౌపడకు క్రొత్తగా వచ్చిన యొకడు చిన్న గది యద్దెకు దీసికొని, ఈ సీమవారు వ్రాసిన పటములను గోడలకు దగిలించి, అందే యొక యంగడిని దెరచెననుకొందము. 1900లో నౌపడనుండి పర్లాకిమిడికి వేయబడి, 1931లో గుణుపురమువఱకు సాగిన రైలుమార్గము సవరకొండల చేరువకే పోవుచున్నది. కావున ఆ గోడలపై మొదట వెలయునవి సవరల చిత్రములే యగును. అంతట ఊరివారు రెండు ప్రశ్నలు వేయుదురు. ఇతడు మనవాడా? కళ నమ్ముకొనుట తగునా? అడుగవలసిన మూడవ ప్రశ్న మాత్రము ఎవరికిని దోచదు.

మొదటిదానికి మన సీమచరిత్రమే జవాబు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరజాతివారు కారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, సవరలచెంత శిష్యులై వారి భాష నేర్చి, 1931లో దానికి వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలయించిరి. పరాయివాడని వారిని త్రోసిపుచ్చియుండినచో నష్టమెవరిది? పైనుండి వచ్చుట దోషము కాదు. వచ్చి నేర్చుకొనకుండుట దోషము.

రెండవ ప్రశ్న వట్టి దంభము. పొందూరు నేతగాడు ఖద్దరు నమ్మును. బుడితి కంచరి యిత్తడిపాత్ర నమ్మును. వారిని మనము తప్పుపట్టము. చిత్రకారుడు మాత్రము గాలి భుజించి బ్రతుకవలెనా? చప్పట్లతో పొయ్యి రాజుకొనదు.

ఇక మూడవది. ఎఱ్ఱమట్టి పూసిన యింటిగోడపై బియ్యపుపిండితో, గతించినవారి తృప్తికిని, రోగశాంతికిని, పంటల వృద్ధికిని సవరలు చిత్రములు వ్రాయుదురు. వెరియర్ ఎల్విన్ 1951లో ప్రకటించిన గ్రంథములో వీనిని లోకమునకు జూపెను. నేడవి గోడ దిగి, గుడ్డపైకిని కాగితముపైకిని వచ్చి అంగళ్లు చేరినవి. తఱచుగా వాని క్రింద నుండునది “సవర చిత్రము” అను రెండు మాటలే. వ్రాసిన దెవరు? ఏ యూరివారు? వారి చేతికి ముట్టిన దెంత? రవివర్మ పటమును “మలయాళి చిత్ర”మని యెవరైన నందురా? దొరలకు పేరును, కొండవారికి జాతియు నేల?

నౌపడ ఉప్పుమళ్లకు బేరుపొందినది. ఉప్పుమూటపై పండించినవాని పేరుండదు. మడిలో ఎవరి కాళ్లు పగిలినవో యెఱుగకయే మనము ఉప్పు తినుచున్నాము; ఆ ఋణమే మనకింకను దీరలేదు. అయినను ఉప్పు ఎవరు పండించినను ఉప్పే. చిత్రము అట్టిది కాదు. ఒక చేయి గీసిన గీత మఱియొక చేతికి రాదు. దానిని కూడ మూటగట్టి తూచి యమ్మినచో, అది చిత్రశాల కాదు, కొఠారు.

కావున క్రొత్తవానిని మేము కోరునది స్వల్పము. ప్రతి పటము క్రింద వ్రాసినవారి పేరు, ఊరు ఉండవలెను. అమ్ముడువెల ప్రక్కన వారికి ముట్టినది కూడ కనబడవలెను. ఏ చిత్రము పూజకే తగునో, ఏది యమ్మదగునో ఆ వ్రాసినవారే నిర్ణయింపవలెను.

ఊరివారిని కోరునది ఇంకను స్వల్పము. గడప దాటి లోనికి పొండు. గోడ చూడకమున్ను పేరు చదువుడు. పేరున్నచో, ఆ యంగడివాడు ఏ దేశమునుండి వచ్చినను మనవాడే. పేరు లేనిచో, మన వీధిలో బుట్టినవాడైనను పరాయివాడే.