కష్టంలో ఉన్న ఆడదానికి ఊరి పనెందుకు?

"ఇంట్లో ఇంత కష్టం పెట్టుకుని ఈ తిరుగుళ్లేమిటమ్మా?" కష్టంలో ఉన్న ఆడవాళ్లు గడప దాటితే మన గోదావరి జిల్లాల్లో తప్పకుండా వినిపించే మాట ఇది. భర్త పోయినా, బిడ్డ మంచాన పడినా ఆడది ఇంట్లోనే కూర్చోవాలి. వచ్చినవాళ్ల ఓదార్పులు వింటూ ఉండాలి. అదే మర్యాదట! మగవాడు కర్మకాండ కాగానే ఆఫీసుకి వెళితే మాత్రం "పోనీలే, పనిలో పడితే కాస్త తేరుకుంటాడు" అంటారు. ఆ మందు ఆడదానికి ఎందుకు పనికిరాదు?

మావారు పోయిన ఆరు నెలలకి నేనొక పని మొదలుపెట్టాను. కాలవగట్ల వెంట, లాకుల దగ్గర, పాత వంతెనల మీద పూర్వం సర్వేవాళ్లు చెక్కించిన గుర్తులు ఎన్ని మిగిలాయో వెతికి రాసుకోవడం. జీతం లేదు, ఎవరూ చెయ్యమనలేదు. వారానికి రెండు రోజులు. చేతిలో నోటు పుస్తకం, టేపు, సెల్‌ఫోన్. అంతే.

వీటిని బెంచ్‌మార్కులంటారు. రాతి మీద చిన్న చదరం, జి.టి.ఎస్., బి.ఎం. అన్న ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. ఆ చోటు సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందో సర్వేవాళ్ల రికార్డుల్లో రాసి ఉంటుంది. మన దేశంలో ఈ ఎత్తుల కొలత 1858లో మొదలై 1909 నాటికి ఒక కొలిక్కి వచ్చింది. సముద్రమట్టం లెక్కకి ఆధారంగా తీసుకున్న తొమ్మిది రేవుల్లో మన విశాఖపట్నం ఒకటి.

"రాతి గుర్తుతో మనకేం పని?" అనకండి. వరదలొస్తే ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని వింటూనే ఉంటాం. నీరెంత పెరిగిందో తెలుస్తోంది సరే, నేలెంత దిగిందో ఎవరు చెప్పాలి? డెల్టా నేల ఒండ్రుమట్టి. తన బరువుకి తానే అణుగుతుంది. పైన ఆనకట్టలు కట్టాక కొత్త ఒండ్రు రావడం తగ్గింది. 2009లో శాస్త్రజ్ఞులు ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించి, ముప్పు ఉన్నవాటిలో కృష్ణా, గోదావరి డెల్టాలు రెండింటినీ చేర్చారు. ఉప్పాడలో సముద్రం ఇళ్లను ఎలా మింగుతోందో మనం చూస్తూనే ఉన్నాం. ఎక్కడ ఎంత కుంగిందో తేల్చాలంటే పాత కొలత ఉన్న రాయి ఉండాలి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు దాన్ని పెకలించి పారేస్తే ఆ పాత లెక్కతో పోల్చి చూసే దారి మూసుకుపోతుంది.

అమెరికాలో అయితే ఇలాంటి గుర్తులు ఉన్నాయో పోయాయో మామూలు జనం చూసి పంపే వివరాలను ప్రభుత్వ సర్వే శాఖే తీసుకుంటుంది. మనమూ ఆ మాత్రం చెయ్యలేమా?

నేను వెతికినవాటిలో కొన్ని దొరికాయి, కొన్ని లేవు. ఒకచోట సున్నం పూతల కింద వేలితో తడిమితేగానీ అక్షరం తెలియలేదు. ఏటిగట్టు పక్క ఊళ్లో గుడి అరుగు మీద ఒక గుర్తుంది. అక్కడ పూలు కడుతున్న పెద్దావిడ, "ఎనభై ఆరు వరదకి ఈ అరుగు మునిగి, ఇదిగో, ఈ స్తంభానికి ఇక్కడిదాకా వచ్చాయమ్మా నీళ్లు" అని చూపించింది. 1986 ఆగస్టు 16న ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు వచ్చిన వరద అది. ఆవిడ చెయ్యి పెట్టినచోటికి టేపు పట్టి రాసుకున్నాను. పొయ్యిగట్టు దాకా, మూడో మెట్టు దాకా అని మన ఆడవాళ్లు గుర్తుపెట్టుకున్న కొలతలు ఎన్నెన్నో. అడిగి రాసుకునేవాళ్లే లేరు.

దీంతో నా దుఃఖం పోయిందా అంటే పోలేదు. సాయంత్రం తాళం తీసి లోపలికి వెళ్లగానే అది అక్కడే ఉంటుంది. కానీ రాత్రి పడుకునే ముందు, రేపు ఎటు వెళ్లాలి అన్న ఆలోచన కూడా ఒకటి ఉంటుంది. దారినపోయేవాళ్లు "ఏం వెతుకుతున్నారండీ?" అని అడిగితే, నా కష్టం గురించి కాకుండా చెప్పడానికి నాకొక మాట ఉంటుంది. అది చిన్న విషయం కాదు.

ఆనకట్ట కట్టిస్తూ 1848లో జబ్బుపడి ఆస్ట్రేలియా వెళ్లిన కాటన్ దొర, 1850లో తిరిగొచ్చి 1852కల్లా పని పూర్తి చేశాడు. ఆ పట్టుదలకి ఇప్పటికీ దండం పెడతాం. అదే పట్టుదల మన ఇంటి ఆడవాళ్లు చూపిస్తే నోరు నొక్కుకుంటాం!

మీ ఊళ్లో ఇలాంటి గుర్తు కనిపిస్తే కదపకండి, చెక్కకండి, రంగు వెయ్యకండి. ఫోటో తీసి, పక్కన ఏముందో, ఎంత దూరమో రాసి ఇరిగేషన్ ఆఫీసుకో, సర్వే ఆఫ్ ఇండియాకో ఉత్తరం పెట్టండి. నకలు మీ దగ్గర ఉంచుకోండి. కాలేజీ అమ్మాయిలు, డ్వాక్రా సంఘాలవాళ్లు నలుగురు కలిస్తే ఒక కాలవ గట్టంతా చూడొచ్చు.

ఇక ఇంట్లోవాళ్లకి ఒక మాట. కష్టంలో ఉన్న కూతురో, కోడలో, అత్తగారో ఏదో పని మీద బయలుదేరితే "ఇప్పుడెందుకు?" అనకండి. అన్నం తిని వెళ్లమనండి. ఎండగా ఉంటే గొడుగు చేతికివ్వండి.