మొదటి భాష ఏది?

‘‘అన్నా, సీ నేర్చుకోనా, జావానా, పైథానా?’’ బీటెక్‌లో చేరగానే తమ్ముళ్లూ చెల్లెళ్లూ నన్ను అడిగే ప్రశ్న ఇదే. నా ఓటు పైథాన్‌కే.

ఎందుకంటే తెర మీద ‘నమస్తే’ కనిపించాలంటే పైథాన్‌లో ఒక్క లైను చాలు. అదే జావాలో అయితే మామూలుగా ముందు క్లాస్, ఆపైన మెయిన్ రాయాలి. అవెందుకో అర్థంకాక ‘కోడింగ్ నా వల్ల కాదు’ అనుకుని వదిలేసేవాళ్లు బోలెడుమంది. అసలు నష్టం అదే!

1991లో గీడో వాన్ రోసమ్ విడుదల చేసిన ఈ భాష పూర్తిగా ఉచితం. కోచింగ్‌కి వేలు పోసేముందు ఫోన్ బ్రౌజర్‌లోనే రాసి చూడొచ్చు.

మొదటి సెమిస్టర్‌లోనే సీ ఉందా? అయితే ముందు అదే కానివ్వండి. వెబ్‌సైట్లు చేయాలనుందా? జావాస్క్రిప్ట్ పట్టుకోండి. ఏదైనా సరే, కొన్ని నెలలు దాన్నే అంటిపెట్టుకోండి. వేరియబుల్, లూప్, ఫంక్షన్ ఈ నాలుగింటిలోనూ ఉంటాయి. సైకిల్ వచ్చినవాళ్లకి స్కూటీ ఎంతసేపు?

ఈ వారం మీ అటెండెన్స్ శాతం లెక్కగట్టే ప్రోగ్రామ్ రాయండి. 75కి తగ్గితే అది మిమ్మల్ని హెచ్చరించాలి. ఆ ఒక్కదాంతో ‘ఇఫ్’ కూడా వచ్చేస్తుంది!