బొమ్మకున్నపాటి జాగ్రత్త మనకేదీ?

కారు కొనబోతే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ‘లీటరుకు ఎంతిస్తుంది?’ ఈమధ్య దాని పక్కన భద్రత గురించి ఇంకోటి చేరింది: ‘స్టార్లు ఎన్ని?’ మంచి మార్పే.

2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దగ్గర అమ్ముతున్న ఆల్టో, నానో, ఐ10, ఫిగో, పోలో కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసింది. ఎయిర్‌బ్యాగుల్లేని ఆ మోడళ్లలో పెద్దల భద్రతకు అన్నిటికీ సున్నాయే. పరువు పోయాక అటు కంపెనీలు, ఇటు సర్కారు కదిలాయి. 2018లో టాటా నెక్సాన్ అయిదు స్టార్లు తెచ్చుకుంది. 2019 జులై నుంచి డ్రైవరుకు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరైంది. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో మన పరీక్షే మనకు వచ్చింది.

కారు బాగుపడింది, ఎక్కేవాళ్ల తీరే మారలేదు. పరీక్షలో కూర్చోబెట్టే బొమ్మలకు బెల్టు పెడతారు. పిల్లల బొమ్మలనైతే చైల్డ్ సీట్లో కట్టి మరీ కూర్చోబెడతారు. ఆ స్టార్లు అలా వచ్చినవి. మనమో, రోడ్డు చూస్తాడని పసివాణ్ణి ముందు సీట్లో ఒళ్లో పెట్టుకుంటాం. వెనక బెల్టు బకిళ్లు కొత్త సీటు కవర్లు తొడిగించిన రోజే వాటి కిందకు పోతాయి. ఎయిర్‌బ్యాగ్ ఉందిగా అంటారు. 1959లో వోల్వో ఇంజినీరు నీల్స్ బోలిన్ రూపొందించిన బెల్టుకు అది తోడే గానీ బదులు కాదు. బెల్టు లేకుండా ముందుకు తూలినవాడికి ఆ బ్యాగే దెబ్బ.

బెల్టు పెట్టుకోమని కారు మొత్తుకుంటే దాని నోరు మూయించే క్లిప్పులూ అమ్మారు. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆదేశించాక ఆన్‌లైన్ దుకాణాలు అలాంటి 13,118 లిస్టింగులు తీసేశాయి.

2022 సెప్టెంబరులో పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ పోయింది చవక బండిలో కాదు, మెర్సిడెస్‌లో. ముందున్న ఇద్దరూ బతికారు, బెల్టు పెట్టుకోని వెనకవాళ్లిద్దరూ పోయారు. ఆ ఏడాది దేశంలో బెల్టు పెట్టుకోక చనిపోయినవాళ్లు 16,715 మంది. వాళ్లలో దాదాపు సగం ప్రయాణికులే.

వెనక సీటుకూ బెల్టు తప్పనిసరి, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని చట్టంలో ఉంది. అమలు చేయాల్సింది పోలీసులే, నిజమే. కానీ సీటు కవరు కింద బకిలు వెతకడానికి పోలీసు అక్కర్లేదు. ఈ ఆదివారం ఆ పని చేయండి. అందరూ బెల్టు పెట్టుకున్నాకే బండి కదిలించండి.