బెంగళూరు నుండి హోసూరుకు: ఇల్లు మారే ముందు బడి సంగతి



బెంగళూరులో కాపురమున్న తెలుగు కుటుంబాలు కొన్ని హోసూరుకు తరలి వస్తున్నాయి. కారణాలు మీకు తెలిసినవే. అక్కడి ఇంటి అద్దెలు, రోడ్ల మీద గడిచిపోయే గంటలు, పిల్లలు ఆడుకోవడానికి చోటు లేకపోవడం. హోసూరు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది కనుక ఎలక్ట్రానిక్స్ సిటీలో ఉద్యోగం మానకుండానే ఇక్కడ నివసించవచ్చు. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ వంటి సంస్థల కర్మాగారాలు ఇక్కడనే ఉన్నాయి. చిన్న పిల్లలున్న దంపతులకు ఇటువంటి ఆలోచన కలగడం సహజమే. దానిని ఆక్షేపించడం నా ఉద్దేశం కాదు.

అయితే ఇల్లు మారదలచిన వారి నోట ఒక మాట తరచుగా వింటున్నాను. "హోసూరులో వీధిలోనే తెలుగు వినబడుతుందట కదా, ఇక పిల్లల తెలుగుకు దిగులేమున్నది?" అని. ఈ ధీమా గురించే ఈ నాలుగు మాటలు. వీధిలో తెలుగు విన్న పిల్లవాడు తెలుగు మాట్లాడతాడు. చదవడం, వ్రాయడం మాత్రం ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పితేనే వస్తాయి. ఆ పని బడిలో జరగాలంటే మీ వంతుగా మీరు చేయవలసినది ఒకటున్నది.

ముందుగా చట్టం సంగతి చూడండి. అత్తిబెలె దాటి జూజువాడిలో అడుగుపెట్టేసరికి రాష్ట్రం మారుతుంది, దానితో పాటు బడిలో తప్పనిసరి భాష కూడా మారుతుంది. కర్ణాటకలో 2015 నాటి కన్నడ భాషాభ్యసన చట్టం ప్రకారం పిల్లలు కన్నడాన్ని మొదటి భాషగానో రెండవ భాషగానో చదవాలి. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం 2006-07లో ఒకటవ తరగతితో అమలులోకి వచ్చి, ఏటేటా ఒక్కొక్క తరగతి చొప్పున 2015-16 నాటికి పదవ తరగతిని చేరింది. 2014లో వెలువడిన ఉత్తరువుతో, 2015-16 నుండి సీబీఎస్ఈ తదితర బడులలో కూడా ఒకటవ తరగతి మొదలుకొని దీనిని విస్తరించారు. ఈ పద్ధతిలో మొదటి భాగం తమిళం, రెండవది ఆంగ్లం, మూడవది గణితాది విషయాలు. తెలుగు వంటి మాతృభాషలకు దక్కిన చోటు నాలుగవ భాగం, అది కూడా ఐచ్ఛికంగానే. ఐచ్ఛికమంటే అడిగినవారికి మాత్రమే అని అర్థం.

ఇక పిల్లల వయస్సు సంగతి. అయిదేళ్ళ బిడ్డకు ఈ మార్పు పెద్ద భారం కాదు. ఏ అక్షరమైనా ఆ బిడ్డకు కొత్తదే. తమిళమూ తెలుగూ కలిపి మొదలుపెట్టవచ్చు. పదేళ్ళ పిల్లవాని స్థితి వేరు. నాలుగైదేళ్ళుగా కన్నడం చదివి, ఉన్నట్టుండి తమిళాన్ని అచ్చుల నుండి నేర్చుకోవలసి వస్తుంది. తమిళంలో క, గలకు ఒకే అక్షరం, త, దలకు ఒకే అక్షరం. ఎక్కడ ఎలా పలకాలో మాటను బట్టి తెలుసుకోవాలి. తోటి పిల్లలు గడగడ చదువుతుంటే తాను కూడబలుక్కోవడం ఆ వయస్సులో చిన్న అవమానం కాదు. ఆ బెంగలో ఉన్న బిడ్డకు "ఇప్పుడు తెలుగు కూడానా?" అని తల్లిదండ్రులు వెనుకాడతారు. తెలుగు చదువు ఆగిపోయేది సాధారణంగా ఇక్కడే.

కాని ఆ పిల్లవాని చేతిలో ఒక సంపద ఉన్నదని మరువకండి. కన్నడ, తెలుగు లిపులు ఒకే పాత లిపి నుండి వేరుపడినవి. తలకట్టు తీరు, త, శ వంటి కొన్ని అక్షరాల రూపు, కొన్ని గుణింతపు గుర్తులు తప్పిస్తే కన్నడం చదివిన కంటికి తెలుగు పుట పరాయిది కాదు. తోటి ఉపాధ్యాయులకు నా మనవి: ఇటువంటి పిల్లలను అ, ఆల పలక ముందు ఏడాది పాటు కూర్చోబెట్టకండి. ఒక పుటలో కన్నడ అక్షరమాల, పక్కనే తెలుగు అక్షరమాల వ్రాసి, తేడా ఉన్న అక్షరాలకు మాత్రమే సున్న చుట్టించండి. ఆ కొద్ది అక్షరాలూ పట్టుబడితే కొన్ని వారాలలోనే చిన్న కథను సొంతంగా చదవగలుగుతారు. తమిళ తరగతిలో వెనుకబడ్డాననుకునే బిడ్డకు, తాను ముందున్న తరగతి ఒకటి ఉన్నదని తెలిస్తే కలిగే ధైర్యం తమిళం నేర్వడానికి కూడా పనికివస్తుంది.

తమిళం నేర్పవద్దని నేను అనడం లేదు. ఈ నేల మీద బ్రతికేవారికి ఈ నేల భాష రావాలి, అదీ ప్రేమతో రావాలి. తెలుగు మాధ్యమంలోనే చేర్చి తీరాలని కూడా అనడం లేదు. అది మీ వీలును బట్టి మీరు నిర్ణయించుకోవలసినది. తెలుగును ఒక పాఠ్యాంశంగా అడగండి అన్నదే నా అభ్యర్థన.

అడగడంలో ఏమున్నదంటారా? లెక్క ఉన్నది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతి కల్పించాలని 1956 నాటి ఏడవ సవరణతో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతున్నది. అంతకు ముందే, 1949లో రాష్ట్రాల విద్యామంత్రులు సమావేశమై ఒక ప్రమాణాన్ని అంగీకరించారు. తరగతిలో 10 మంది గాని, బడి మొత్తంలో 40 మంది గాని ఒక భాష పిల్లలుంటే ఆ భాషకు ఉపాధ్యాయుని నియమించాలన్నది దాని సారాంశం. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 42 లక్షలు. అయినా ఉపాధ్యాయ పదవి నిలిచేది ఆ 42 లక్షల మీద కాదు. మీ బడిలో, మీ తరగతిలో ఉన్న ఆ పది మంది మీద. తొమ్మిది మంది ఉన్న తరగతికి మీ అమ్మాయి పదవది కావచ్చు. చేరికల రిజిస్టరులో మాతృభాష ఎదుట మరో భాష పేరు వ్రాయించినా, "ఏదైతే ఏమి" అని ఖాళీ వదిలినా, ఆ పదవ బిడ్డ లెక్కలోకి రాదు. ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేసినప్పుడు "పిల్లలు లేరు గదా" అన్న జవాబుకు దారి ఇలాగే ఏర్పడుతుంది.

కనుక ఇంటికి బయానా ఇచ్చే ముందు బడికి ఒకసారి వెళ్ళండి. మూడు ప్రశ్నలు అడగండి. నాలుగవ భాగంలో తెలుగు చెబుతున్నారా? చెప్పే ఉపాధ్యాయుడు బడిలోనే ఉన్నారా? వాచకం, వారానికి ఇన్ని పీరియడ్లు అని కాలపట్టికలో చోటు, పరీక్ష ఉన్నాయా? "లేదు" అన్నారని తిరిగి రాకండి. కావాలని ఒక అర్జీ వ్రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఇరుగుపొరుగు తెలుగువారిని కూడా కలుపుకొనండి. నోటి మాటకు దస్త్రంలో చోటు ఉండదు.

మరొక సంగతి, కొంచెం సున్నితమైనది. హోసూరు ప్రాంతం మొరసునాడులోనిది. ఇక్కడి తెలుగు మీ ఇంటి తెలుగులా ఉండకపోవచ్చు. ఉల్లిపాయను ఎర్రగడ్డ అంటారు, బంగాళాదుంపను ఉర్లగడ్డ అంటారు, త్వరగా రమ్మనడానికి "బిన్నా రా" అంటారు. మీ బిడ్డ ఆ మాటలు ఇంటికి తెచ్చినప్పుడు "అది తప్పు తెలుగు" అని దిద్దకండి. పుస్తకాల తెలుగు దగ్గర లేకున్నా తరతరాలుగా ఇక్కడివారు నిలుపుకొన్న భాష అది. దానిని తప్పంటే మీ బిడ్డకు ఇక్కడ తెలుగులో మాట్లాడే స్నేహితులు మిగలరు. "మనం ఇలా అంటాము, వారు అలా అంటారు, రెండూ తెలుగే" అని చెప్పండి. బడి వాచకంలోని భాష మూడవది. దానిని మేము నేర్పుతాము.

రాజధాని విడిచి చిన్న ఊరికి రావడం వల్ల పిల్లలకు సమయం దక్కుతుంది. ప్రయాణంలో పోయే గంటలో ఇరవై నిమిషాలు తెలుగు పుస్తకానికి కేటాయించండి. తల్లి గాని, తండ్రి గాని, తాతగారు గాని పక్కన కూర్చుని చదివించండి. జూన్‌లో బడులు తెరిచే లోపల చేరిక పత్రంలో మాతృభాష గడిలో "తెలుగు" అని మీ చేతులతో వ్రాయండి. తరగతి నిండితే, అడగవలసిన చోట గట్టిగా అడగడానికి మా వంటి ఉపాధ్యాయులకు బలం ఉంటుంది.